పాలకూ మాంసానికీ ఏ మేక?

ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు మేకలు పెట్టుకోవాలనుకునే తెలుగువాళ్లు నన్నడిగే మొదటి మాట: "ఏ జాతి కొనమంటారు?" నోయిడా శివార్లలో మేకలు పెంచుతున్నవాణ్ణి కనుక నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "మేపడానికి బయలుందా, కొట్టంలోనే కట్టేస్తారా?"

బయలుంటే జమునాపారి. యమున, చంబల్ నదుల మధ్య ఇటావా ప్రాంతం దాని పుట్టిల్లు. ఎత్తైన ఒళ్లు, చిలుక ముక్కు, వేలాడే పొడవాటి చెవులు. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల పాలిస్తుంది. పోతులు బాగా బరువు తూగుతాయి. కానీ తిరుగుతూ తుమ్మ, రేగు కొమ్మలు అందుకుని మేయడం దానికి అలవాటు. పంజాబ్ బీటల్ కూడా పాలకూ మాంసానికీ పేరున్నదే, కట్టేసి మేపినా కొంత సర్దుకుంటుంది.

చోటు తక్కువైతే నా ఓటు బర్బరీకే. పొట్టి ఒళ్లు, నిక్కబొడుచుకున్న చిన్న చెవులు, తెలుపు మీద గోధుమరంగు మచ్చలు. పాలు లీటరుకు అటూ ఇటూగానే వస్తాయి గానీ, కొట్టంలో హాయిగా బతుకుతుంది, తరచూ కవలల్ని ఈనుతుంది. బక్రీద్ నాటికి ఎదిగిన పోతులే అసలు రాబడి.

మథుర దగ్గర మఖ్దూంలో 1979లో ఏర్పడిన కేంద్రీయ మేకల పరిశోధనా సంస్థ ఈ జాతుల మీద పనిచేస్తోంది, రైతులకు శిక్షణా ఇస్తోంది. డెంగీ రోజుల్లో మేకపాల ధర ఎగబాకుతుంది. ఆ గిరాకీని నమ్ముకుని లెక్కలు వేయకండి, ఆ పాలతో డెంగీ తగ్గుతుందనడానికి రుజువు లేదు.

కొనేముందు రెండు పూటలా మీ ఎదుటే పాలు పిండించి చూడండి. పీపీఆర్ (మేకల ప్లేగు) టీకా వేశారో లేదో అడిగాకే డబ్బు ఇవ్వండి.