మీకు తెలుసా? వేటగాడి ఫీజుతో అడవికి కాపలా

ద్రాక్షారామం నుంచి యానాం దాటి వెళ్తే కోరంగి మడ అడవులు. 1978లో అభయారణ్యమైన ఈ సుమారు 235 చదరపు కిలోమీటర్లలో నీటిపిల్లిని, నీటికుక్కను ఎంత డబ్బు కడతామన్నా వేటాడనివ్వరు. అదే న్యాయం కూడా.

కానీ వేట లైసెన్సులు మన దేశంలోనూ ఉండేవి! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు ఫీజు కట్టించుకుని లైసెన్సు ఇవ్వనిచ్చేది. 1991 సవరణతో ఆ లైసెన్సు పద్ధతి రద్దయింది.

అమెరికాలో పద్ధతి వేరు. మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడ్డ టెక్సాస్‌లో స్థానికులకు మామూలు వేట లైసెన్సు 25 డాలర్లయితే, బయటి రాష్ట్రాల వారికి 315. పన్నెండు రెట్లు పైమాటే! ఇలాంటి తేడా చెల్లదంటూ మోంటానా రాష్ట్రంపై వేటగాళ్లు వేసిన కేసును అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అదీ కోరంగి అభయారణ్యమైన 1978లోనే.

ఇంకో సంగతి. అమెరికాలో 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాలపై 10-11 శాతం పన్ను వసూలవుతుంది. దాన్ని వన్యప్రాణుల సంరక్షణ కోసం రాష్ట్రాలకు, వాటి విస్తీర్ణం, లైసెన్సుదారుల సంఖ్య చూసి పంచుతారు. అయితే లైసెన్సు సొమ్మును వన్యప్రాణి శాఖకు తప్ప మరి దేనికీ మళ్లించకూడదు. మళ్లిస్తే ఆ రాష్ట్రానికి ఈ కేంద్ర నిధి అందదు. వేట మనకొద్దు గానీ, ఇంత గట్టి కట్టుబాటు మన అభయారణ్యాల నిధులకూ కావాలి.

మనకు ఆధారం కేంద్ర, రాష్ట్ర బడ్జెట్లు. వాటికి తోడు కాంపా నిధి: అడవి భూమిని ఇతర పనులకు తీసుకునేవారు కట్టే పరిహారం. 2016 చట్టం ప్రకారం అందులో 90 శాతం రాష్ట్రానిదే.