పాతకారు వణుకు - దాని కారణాన్వేషణ

గూడూరులో ఒక గృహస్థు పాతకారు కొన్నాడనుకొందాం. ఊరి వీధులలో అది చక్కగానే నడుస్తున్నది. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి యెక్కి నెల్లూరు వైపు సాగగానే కథ మారింది. వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటేసరికి స్టీరింగు వణకసాగింది. 90 వద్ద వణుకు మరీ హెచ్చింది. 100కు చేరేసరికి చిత్రంగా కొంత తగ్గింది. చక్రాలకు తూకం సరిచేయించాడు, వణుకు పోలేదు. ఇంజనును మోసే రబ్బరు దిమ్మలు మార్పించాడు. డబ్బు పోయింది గాని వణుకు మిగిలింది.

ఇటువంటి సందర్భంలో ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ పోవడం చీకటిలో రాయి విసరడమే. వణుకు తన పుట్టుచోటును తానే చెబుతుంది. అది సెకనుకు ఎన్నిసార్లు వస్తున్నదో తెలుసుకొంటే చాలు. దీనినే పౌనఃపున్యం అంటారు.

కారులో తిరిగే భాగాలన్నీ ఒకే వేగంతో తిరగవు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. టైరు చుట్టుకొలత 1.8 మీటర్లనుకొంటే, చక్రం సెకనుకు దాదాపు 14 సార్లు తిరుగుతుంది. అదే సమయంలో ఇంజను నిమిషానికి 2,700 సార్లు తిరుగుతూవుంటే, సెకనుకు 45 సార్లన్నమాట. కనుక వణుకు 14 అయితే చక్రాన్ని, 45 అయితే ఇంజనును అనుమానించాలి. పక్కన కూర్చున్నవారు చేతిఫోనులోని త్వరణమాపకంతో ఈ సంఖ్యను కొలవవచ్చు.

ఫోను లేకున్నా మరొక ఉపాయం వున్నది. అదే 90 కిలోమీటర్ల వేగంలో ఒక గేరు తగ్గించాలి. ఇంజను మునుపటికంటె వేగంగా తిరుగుతుంది. చక్రాల వేగం మాత్రం మారదు. వణుకు కూడా మారకపోతే ఇంజను నిర్దోషి. మన గృహస్థు ముందుగా ఈ పరీక్ష చేసివుంటే రబ్బరు దిమ్మల ఖర్చు తప్పేది. ఇక బ్రేకు వేసినపుడే వణుకు వస్తే బ్రేకు బిళ్ల మందంలో తేడా వుండవచ్చు. వేగం పెంచుతున్నపుడే వస్తే చక్రాలను తిప్పే ఇరుసుల కీళ్లను చూడాలి.

చక్రంలో స్వల్పమైన తేడా ఇంత వణుకు ఎట్లా పుట్టిస్తుంది? ఇరుసుకు 18 సెంటీమీటర్ల దూరంలో, రిమ్ము అంచున, 20 గ్రాముల బరువు ఎక్కువగా వున్నదనుకొందాం. చక్రం సెకనుకు 14 సార్లు తిరిగేటపుడు ఆ చిన్న బరువు దాదాపు 2.8 కిలోల బరువంత బలంతో ఇరుసును లాగుతుంది. అదీ క్షణక్షణం దిక్కు మార్చుకుంటూ! ఈ బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అందుచేత వేగం సగమైతే బలం నాలుగవవంతే. ఊరి వీధులలో కారు ఎందుకు నెమ్మదిగా వున్నదో ఇప్పుడు తెలిసింది గదా.

అయితే 100 వద్ద వణుకు తగ్గిందేమి? ఉయ్యాలను దాని ఊపుకు సరిపడా తోస్తేనే ఎత్తుకు పోతుంది. చక్రమూ, దానిని పట్టివుంచే స్ప్రింగులూ, టైరులోని గాలీ కలిసిన వ్యవస్థకు కూడా తనదైన ఊపు వుంటుంది. కార్లలో సాధారణంగా అది సెకనుకు 10 నుండి 15 వరకు. చక్రపు తోపు ఆ సంఖ్యతో కలిసినపుడు వణుకు పెచ్చుపెరుగుతుంది, దాటిపోతే తగ్గుతుంది. ఇదే అనునాదం.

తూకం సరిచేసినా వణుకు పోకపోవడానికి కారణం కూడా వున్నది. తూకపు యంత్రం చక్రాన్ని గాలిలో తిప్పుతుంది. దారిపైన టైరు కారు బరువుకు అణగుతూ తిరుగుతుంది. టైరులో ఒకవైపు గట్టిదనం ఎక్కువైనా, రిమ్ము గుంటలో పడి కొద్దిగా వంగినా, బరువుల తూకంతో ఆ దోషం తీరదు. చాలాకాలం కదలకుండా నిలిచిన కారు టైరు ఒకచోట చదునై వుండవచ్చు. టైరు కోడిగుడ్డు ఆకారంలోకి మారితే ఒక చుట్టుకు రెండు తోపులు. అప్పుడు కొలతలో 14కు బదులు 28 కనిపిస్తుంది. ముందు చక్రాలను వెనుకకు మార్చి చూడటం మంచి పరీక్ష. వణుకు స్టీరింగును వదలి సీటుకు పాకితే, దోషం ఆ చక్రాలతో బాటు వెనుకకు పోయిందన్నమాట.

అన్నిటికంటె ముందు చూడవలసినవి రెండు: చక్రపు నట్లు బిగుతుగా వున్నాయా, టైరుపై ఎక్కడైనా ఉబ్బు వున్నదా? నట్టు వదులైతే చక్రం ఊడవచ్చు. ఉబ్బిన టైరు పగలవచ్చు. ఇట్టి వణుకు అసౌకర్యం కాదు, హెచ్చరిక. రోజురోజుకూ పెరిగే వణుకుతో ప్రయాణం సాగించరాదు.

తూకపు సూత్రాన్ని పాఠశాలలోనే చూపవచ్చు. సైకిలును తలక్రిందుగా నిలిపి, ముందు చక్రపు రిమ్ముకు ఒకచోట బంకమట్టి అంటించండి. వదిలితే మట్టి వున్న వైపు కిందికి వచ్చి ఆగుతుంది. ఇప్పుడు చక్రాన్ని చేతితో గట్టిగా తిప్పి, ఫ్రేమును పట్టుకొనండి. మెల్లగా తిరిగేటపుడు తెలియని అదురు, వేగం పెరిగేకొద్దీ చేతికి తగులుతుంది. మట్టికి సరిగా ఎదుటి వైపున అంతే మట్టి అంటిస్తే అదురు అణగిపోతుంది.