స్కాట్లండ్ జనగణన పత్రాలలో వ్యవసాయ కూలీ కుటుంబం: జన్మస్థల వివరాల ప్రాధాన్యం

ఉత్తరాలుగాని, దినచర్యలుగాని మిగల్చని వ్యవసాయ కూలీ కుటుంబాల చరిత్రకు 19వ శతాబ్దపు స్కాట్లండ్ జనగణన పత్రాలు ముఖ్యమైన ఆధారాలు. అయితే అన్ని గణనలూ ఒకే విధంగా ఉపకరించవు.

1841 గణనలో 15 ఏళ్లు దాటినవారి వయస్సును సాధారణంగా ఐదేళ్ల అంకెకు తగ్గించి రాశారు. కుటుంబ పెద్దతో బంధుత్వాన్ని అడగలేదు. అందువల్ల ఒక ఇంటిలో కనిపించే స్త్రీ భార్యయో, సోదరియో ఆ పత్రం ఒక్కదానితో నిర్ధారించలేము. 1851లో బంధుత్వం, వైవాహిక స్థితి, పుట్టిన పారిష్ (చర్చి పరిధిలోని గ్రామప్రాంతం) వివరాలు చేరాయి.

వీటిలో జన్మస్థలం కీలకమైనది. లోలాండ్స్‌లో వివాహితులైన పాలేర్లు సాధారణంగా ఏడాది ఒప్పందంపై కుదిరేవారు. నివాసం కూడా ఒప్పందంలో భాగమే కనుక, యజమాని మారితే ఇల్లూ మారేది. ఒక కుటుంబంలోని ముగ్గురు పిల్లలు మూడు పారిష్‌లలో పుట్టినట్లు ఉంటే, వారి వయస్సులను బట్టి ఆ కుటుంబం సాగించిన వలస క్రమాన్ని ఊహించవచ్చు. రెండు గణనల నడుమ పదేళ్ల కాలం అలా కొంతవరకు వెలుగులోకి వస్తుంది.

స్త్రీల శ్రమ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆగ్నేయ స్కాట్లండ్‌లో పాలేరు తనతోపాటు పొలం పనికి ఒక స్త్రీని సమకూర్చవలసిన ‘బాండేజర్’ పద్ధతి ఉండేది. కనుక భార్య పేరు ఎదుట వృత్తి గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆమె పని చేయలేదని భావించరాదు.

1855లో మొదలైన జనన, మరణ, వివాహ నమోదులతో పోల్చి చదివినప్పుడే ఈ పత్రాలు చెప్పినవీ, చెప్పకుండా వదిలినవీ స్పష్టమవుతాయి.