ఉద్యోగస్వామ్యం

ఉద్యోగస్వామ్యం అనగా నియమిత ఉద్యోగులు లిఖిత నిబంధనల ప్రకారం, అంచెలంచెలుగా నడిపే పరిపాలనా వ్యవస్థ. దీనినే బ్యూరోక్రసీ అని కూడా అంటారు. ఫ్రెంచి భాషలో 'బ్యూరో' అంటే రాతబల్ల, గ్రీకు భాషలో 'క్రాటోస్' అంటే అధికారం.

లక్షణాలు

జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ (1864-1920) వివరించిన ముఖ్య లక్షణాలు:
* అధికార శ్రేణి: ప్రతి ఉద్యోగి తన పై అధికారికి జవాబుదారీ.
* నియామకం: వంశాన్ని బట్టి కాక అర్హతను బట్టి, నిర్ణీత జీతం.
* దస్త్రాలు: ప్రతి నిర్ణయం రాతపూర్వకంగా ఉంటుంది.
* నిష్పాక్షికత: మనిషిని చూసి కాక నియమాన్ని చూసి నిర్ణయం.

లోపాలు

ఈ సుగుణాలే హద్దు మీరితే లోపాలవుతాయి. ప్రజల పని కన్నా నియమ పాలనే లక్ష్యంగా మారుతుందని రాబర్ట్ మెర్టన్ 1940లో విశ్లేషించాడు. జాప్యం (రెడ్ టేపిజం), బాధ్యతను పై అంచెకు నెట్టడం, లంచగొండితనం ఇతర లోపాలు.

తెలంగాణలో రెవెన్యూ పాలన

తెలంగాణ గ్రామాలలో భూమి లెక్కలు వంశపారంపర్య పట్వారీల చేతిలో ఉండేవి. పహాణీలో పట్వారీ రాసిందే రైతుకు ఆధారం. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఈ పద్ధతిని రద్దు చేసింది. 1985లో మండలాలు ఏర్పడ్డాయి. తరువాత గ్రామ రెవెన్యూ అధికారులు (వీఆర్వోలు) వచ్చారు.

2016లో రంగారెడ్డి జిల్లాలో తుర్కయాంజాల్ గ్రామం కొత్తగా ఏర్పడిన అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో చేరింది. 2019 నవంబరు 4న ఆ మండల తహసీల్దారు విజయారెడ్డిని, భూవివాదం నేపథ్యంలో, కార్యాలయంలోనే ఒక వ్యక్తి పెట్రోలు పోసి తగులబెట్టాడు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు, దాడి చేసిన వ్యక్తి కూడా కాలిన గాయాలతో మరణించారు. కార్యాలయాలలో ఉద్యోగుల భద్రత, భూ దస్త్రాల చిక్కులు రెండూ చర్చకు వచ్చాయి.

2020లో ప్రభుత్వం వీఆర్వో పదవులను రద్దు చేసి, అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను ప్రారంభించింది. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకేచోట పూర్తి కావడం దీని సుగుణంగా ఉండేది. అయితే దస్త్రంలో తప్పు దొర్లితే కింది అధికారికి దిద్దే అధికారం ఉండేది కాదు, అప్పీలుకు అవకాశం ఉండేది కాదు. రైతులు కలెక్టరేటు చుట్టూ, సివిల్ కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన భూ భారతి చట్టం అప్పీలు అంచెలను తిరిగి కల్పించింది. అదే ఏడాది గ్రామ పాలనాధికారుల నియామకం జరిగింది.

దస్త్రం పట్వారీ నుండి వీఆర్వోకు, అక్కడి నుండి కంప్యూటరుకు మారినంత మాత్రాన లోపాలు తొలగవని ఈ అనుభవం తెలుపుతుంది. తప్పును దగ్గరలోనే దిద్దించుకొనే వీలు, ఆలస్యానికి కారణం అడిగే హక్కు పౌరునికి ఉండాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇందుకు ఒక సాధనం.

ఇవి కూడా చూడండి

* మాక్స్ వెబర్
* సమాచార హక్కు చట్టం
* తహసీల్దారు