తంగేడు పూల టీ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల బీడు భూముల్లో, వానలు తగ్గే రోజుల్లో పసుపుపచ్చని పూలతో నిండిన పొదలు మీరు చూసే ఉంటారు. అదే తంగేడు. బతుకమ్మను పేర్చాలంటే ఈ పూలు ఉండవలసిందే. 2014లో దీనిని తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. మరి ఈ పూలతో టీ కూడా కాస్తారని మీకు తెలుసా?

శ్రీలంకలో 'రణవర' అని, తమిళనాడులో 'ఆవారం' అని పిలిచే తంగేడు పూలను ఎండబెట్టి, నీళ్ళలో మరిగించి తాగుతారు. ఇలాంటి అలవాటు దూరదేశాల్లోనూ ఉంది. అమెరికా నైరుతి ప్రాంతంలోని నవాహో ఆదివాసులు థెలెస్పెర్మా అనే పసుపు పూల అడవి మొక్కను ఎండబెట్టి, చిన్న చిన్న కట్టలుగా కట్టి దాచుకుంటారు. కావలసినప్పుడు ఒక కట్టను నీళ్ళలో వేసి కాచుకుంటారు.

తంగేడు టీ గుటక వేయగానే నాలుకకు వగరు తగులుతుంది. ఎందుకని? ఈ మొక్కలో టానిన్లు అనే పదార్థాలు ఉన్నాయి. మన లాలాజలంలోని ప్రోటీన్లు నోటిని జారుడుగా ఉంచుతాయి. టానిన్లు వాటిని పట్టుకొని ముద్దకట్టిస్తాయి. జారుడు పోయి నాలుక గరుకుగా తోస్తుంది. అదే వగరు! తంగేడు చెక్కలో టానిన్లు మరీ ఎక్కువ. అందుకే పూర్వం నుంచీ దానితో తోళ్ళను పదును చేసేవారు. అక్కడ కూడా టానిన్లు పట్టుకునేది తోలులోని ప్రోటీన్‌నే. అంటే కప్పులోనూ, తోళ్ళ తొట్టిలోనూ జరిగే రసాయన చర్య ఒకటే.

పాఠశాల ప్రయోగశాలలో చల్లారిన కషాయానికి రెండు చుక్కల ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం కలిపి చూడండి. రంగు నల్లబడితే అందులో టానిన్లు ఉన్నట్లే. అయితే పరీక్షించిన ద్రవాన్ని తాగకూడదు.

తంగేడుకు కసింద అనే దాయాది మొక్క ఉంది. దాని పూలూ పసుపే. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో ఏటా చలికాలంలో పిల్లలు ఒక అంతుచిక్కని జబ్బుతో చనిపోయేవారు. అది వైరస్ వల్ల వచ్చే మెదడువాపు అనుకున్నారు. పిల్లలు కసింద గింజలు తినడమే కారణమని 2007లో ప్రచురించిన పరిశోధన తేల్చింది.

మరి తంగేడును పోల్చుకోవడం ఎలా? ఆకు కాడ మొదట చూడండి. చిన్న చెవుల వంటి రెండు పత్రపుచ్ఛాలు ఉంటాయి. దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. 'ఆరిక్యులా' అంటే లాటిన్‌లో చిన్న చెవి అని అర్థం. కసిందకు ఇలాంటి చెవులు ఉండవు. దాని ఆకును నలిపితే చెడు వాసన వస్తుంది.

తంగేడు కషాయం ఎలుకల రక్తంలో చక్కెరను తగ్గించిందని కొన్ని ప్రయోగాల్లో తేలింది. అంతమాత్రాన అది మనుషులకు మందు అయిపోదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మాని దీనిని తాగకూడదు. పైగా ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టకుండా టానిన్లు అడ్డుకుంటాయి కనుక భోజనంతో పాటు తాగడం మంచిది కాదు.

ఈసారి బతుకమ్మ పూలకు వెళ్ళినప్పుడు తంగేడు చెవులను వెతకండి. మొక్కను సరిగా గుర్తించగల పెద్దలు సరేనన్న తరువాతే ఏ అడవి మొక్కనైనా రుచి చూడాలి.