వాదం వేరు, వ్యక్తి వేరు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలంటారు. ఈనాడు ఆ ఊరు అరచేతిలోని ఫోనులోనికి వచ్చి చేరింది. కోల్‌కతా మహానగరానికి తూర్పున, రాజార్‌హాట్ ప్రాంతంలో వెలసిన న్యూ టౌన్‌నే తీసుకొందాం. కోల్ ఇండియా ప్రధాన కార్యాలయం ఉన్నది అక్కడే. అక్కడి బహుళ అంతస్తుల గృహసముదాయాలలో బెంగాలీలు, ఒడియావారు, హిందీ ప్రాంతీయులు, ఉద్యోగరీత్యా వెళ్లిన మన తెలుగువారు పక్కపక్క గుమ్మాలలో కాపురముంటున్నారు. లిఫ్టులో ఎదురైతే చిరునవ్వుతో సరిపుచ్చుకొనే ఇరుగుపొరుగులు మనసు విప్పి మాట్లాడేది మాత్రం వాట్సాప్ గ్రూపులోనే. నీటి సరఫరా, కారు నిలుపుకొనే చోటు, దుర్గాపూజ చందా, వీధికుక్కలకు అన్నం పెట్టడం – తగవుకు వీటిలో ఏ ఒక్కటైనా చాలు. ఇది న్యూ టౌన్‌కే ప్రత్యేకమనుకోనక్కరలేదు. మన టౌన్‌షిప్ క్వార్టర్ల గ్రూపులూ ఇందుకు భిన్నంగా లేవు.

“చందా లెక్కలు ఇంకా చూపలేదు” అనడం విమర్శ. “నీవంటివాని చేతికి డబ్బిస్తే ఇక లెక్కలెక్కడ ఉంటాయి” అనడం దూషణ. మొదటిదానికి కాగితాలు చూపి సమాధానం చెప్పవచ్చు. రెండవదానికి మరొక దూషణ తప్ప సమాధానం ఉండదు. వ్రాతను గురించి మాట్లాడండి, వ్రాసినవారిని గురించి కాదు అన్నది వికీపీడియా ఔత్సాహికులు తమ చర్చలకు పెట్టుకొన్న నియమం. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలోనూ వ్యక్తిగత దాడులు కూడవు. గృహసముదాయాల గ్రూపులకు ఇంతకంటె సులువైన కొలబద్ద దొరకదు.

అయినా చిక్కు లేకపోలేదు. పలు భాషలవారు కలిసి ఉన్నచోట ఏది తిట్టో తేల్చడమే కష్టం. బెంగాలీలో ‘ఆపని’, ‘తుమి’, ‘తుయి’ అని మధ్యమపురుషకు మూడు మెట్లున్నాయి. ‘తుయి’ బాల్యస్నేహితుల నడుమ ఆప్యాయత, అపరిచితుని విషయంలో అవమానం. మనవారు వచ్చీరాని హిందీలో పెద్దవారిని ‘తుమ్’ అని సంబోధించి, ఎదుటివారి ముఖం ఎందుకు చిన్నబోయిందో తెలియక తికమకపడడం కద్దు. ఫోనులోనైతే ఆ ముఖం కూడా కనబడదు!

నిషిద్ధపదాల పట్టిక తయారుచేసి యంత్రానికి అప్పగిస్తే సరిపోదా అని కొందరంటారు. 1996లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ అటువంటి జల్లెడనే పెట్టింది. ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ పట్టణవాసులు తమ ఊరిపేరుతో నమోదు కాలేకపోయారు. ఆ పేరు నడుమ ఒక బూతుమాట అక్షరాలు వరుసగా ఉండడమే అందుకు కారణం. మరోవైపు, “అబ్బో, తమరు మహామేధావులు కదా!” అన్న వాక్యంలో నిషేధింపదగిన పదం ఒక్కటీ లేదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో పదివిధాలుగా వ్రాసే మన అలవాటు ముందు ఏ పట్టికా నిలువదు. మనిషే చదవాలి, మనిషే నిర్ణయించాలి.

మరి పోలీసులను ఆశ్రయిస్తే? ఈ ప్రశ్నకు కోల్‌కతా నగరమే ఒక ఉదాహరణ ఇచ్చింది. 2012 ఏప్రిల్‌లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆచార్యులు అంబికేశ్ మహాపాత్ర, రాష్ట్ర ముఖ్యమంత్రిపై వచ్చిన ఒక వ్యంగ్యచిత్రాన్ని తమ గృహసముదాయపు ఈ-మెయిల్ ద్వారా పొరుగువారికి పంపినందుకు అరెస్టయ్యారు. సత్యజిత్ రే చిత్రం ‘సోనార్ కెల్లా’ ఆధారంగా అల్లిన ఆ పరిహాసంలో బూతు లేదు. సమాచార సాంకేతిక చట్టం 66ఏ సెక్షన్‌లో ‘చికాకు’, ‘అసౌకర్యం’ కలిగించడం సైతం నేరమే! 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. ఆ ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు కృష్ణా జిల్లావాసి జస్టిస్ జాస్తి చలమేశ్వర్, తీర్పు వ్రాసినవారు జస్టిస్ రోహింటన్ నారిమన్. అయినప్పటికీ ఆచార్యులకు ఆ కేసునుండి విముక్తి లభించింది 2023 జనవరిలోనే. ఒక నవ్వుకు దాదాపు పదకొండేళ్ల వ్యాజ్యం!

వ్యంగ్యం మనకు కొత్తది కాదు. 19వ శతాబ్దంలో కందుకూరి వీరేశలింగం పంతులు, కొక్కొండ వేంకటరత్నం పంతులు తమ పత్రికల్లో ఘాటుగా వాదించుకొన్నారు. ‘వివేకవర్ధని’ని వెక్కిరిస్తూ ‘హాస్యవర్ధని’ పుడితే, ‘ఆంధ్రభాషా సంజీవని’ని వెక్కిరిస్తూ ‘హాస్యసంజీవని’ పుట్టింది. వారి మాటలన్నీ మర్యాదగా ఉన్నాయని చెప్పలేము గాని, తగవును పత్రికలలోనే తేల్చుకోవాలని చూశారు.

గ్రూపు నిర్వాహకుని విషయానికి వద్దాం. సభ్యుడు వ్రాసిన అసభ్యపు మాటకు, ఉమ్మడి ఉద్దేశం లేనిదే, అడ్మిన్‌ను నేరస్థునిగా చూడరాదని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం చెప్పింది. సభ్యులను చేర్చడం, తొలగించడం తప్ప అతని చేతిలో అధికారం లేదని అది పేర్కొన్నది. 2022లో కేరళ హైకోర్టు కూడా అదే దారిలో తీర్పునిచ్చింది. అయితే ఇతరుల సందేశాన్ని అందరి ఫోన్లనుండి తొలగించే వీలును వాట్సాప్ 2022లో అడ్మిన్‌కు కల్పించింది. అధికారం పెరిగినప్పుడు, చట్టం అడగకపోయినా, ఇరుగుపొరుగులు జవాబు అడుగుతారు.

ఈ అధికారాన్ని ఎలా వాడాలన్నదానికి మన లోక్‌సభ పద్ధతి ఆదర్శప్రాయమని తోస్తుంది. సభా నియమావళి 380 ప్రకారం పరువునష్టం కలిగించే, అసభ్యమైన, సభామర్యాదకు తగని మాటలను రికార్డునుండి తొలగించవలసిందిగా సభాపతి ఆదేశించవచ్చు. తొలగించేది ఆ మాటలనే. మిగిలిన ప్రసంగం నిలుస్తుంది, సభ్యుడు తన స్థానంలోనే ఉంటాడు. తొలగించినచోట నక్షత్రపు గుర్తులు వేసి, అధ్యక్షస్థానం ఆదేశంపై తొలగించినట్లు అడుగున వ్రాస్తారు. ఏదో తొలగిందన్న సంగతి ఎవరికీ దాచరు.

గ్రూపులోనూ ఇదే క్రమం సాధ్యమే. దూషణను వెంటనే తొలగించి, కారణాన్ని ఆ సభ్యునికి విడిగా, వీలైతే గుమ్మం దగ్గరకు వెళ్లి చెప్పడం మొదటి మెట్టు. నలుగురిలో మందలిస్తే ఆయన తన పరువుకోసం మరింత గట్టిగా అరుస్తాడు. తీవ్రత తగ్గకుంటే ఒకటి రెండు రోజులు నిర్వాహకులు మాత్రమే వ్రాసే ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ సౌకర్యం 2018 నుండి ఉన్నది. సభ్యుని పూర్తిగా తీసివేయడం చిట్టచివరి మాట. ఎందుకంటే నీళ్లు రాని ఉదయం ఆ ఇంటికీ కబురు అందాలి. బెదిరింపులు, స్త్రీలపై అసభ్యవ్యాఖ్యలు వేరు. వాటికి పోలీసు స్టేషనే దారి.

విమర్శ నిర్వాహకునిమీదనే వచ్చినప్పుడు ఆయన తన వేలిని తొలగింపు మీటకు దూరంగా ఉంచుకోవాలి. అందుకే ప్రతి గ్రూపునకూ ఇద్దరు అడ్మిన్లు ఉండడం, న్యూ టౌన్ వంటి చోట ఆ ఇద్దరూ వేర్వేరు భాషలవారు కావడం అవసరం. చందా లెక్క అడిగిన సందేశాన్ని చందా వసూలు చేసినవారే చెరిపివేస్తే, మర్నాడు లిఫ్టులో ఆ చిరునవ్వు కూడా మిగలదు.