టర్బో పీల్చే గాలి

భిలాయి ఉక్కు ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లకు ఇనుప రాయి ప్రధానంగా దల్లీ రాజహరా నుంచి వస్తుంది, సున్నపురాయి నందిని నుంచి వస్తుంది. రైలెక్కకుండా వచ్చే సరుకు గాలి. టన్ను ఇనుము కరిగి రావాలంటే టన్నుకు మించిన గాలిని లోపలికి తొయ్యాలి. 1959 ఫిబ్రవరి 4న బాబూ రాజేంద్ర ప్రసాద్ మొదటి ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ గాలి పని ఆగలేదు. పవర్ అండ్ బ్లోయింగ్ స్టేషన్‌లో ఆవిరి టర్బైన్లు బ్లోయర్లను తిప్పుతాయి. ఆ ఆవిరి పుట్టే బాయిలర్లలో ఫర్నేస్ విడిచిన గ్యాస్‌ను కూడా మండిస్తారు. కొలిమి వదిలిన ఊపిరే కొలిమికి కొత్త ఊపిరి పోస్తోందన్నమాట. ఇదే ఊళ్లో సుపేలా గ్యారేజీల్లో బానెట్ ఎత్తి నిలబెట్టిన టర్బో కార్లకూ మూలసూత్రం ఇదే.

ఆ సూత్రాన్ని ఇంజిన్‌కు తెచ్చినవాడు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూహీ. ఇంజిన్‌లో కాలిన ఇంధనపు వేడిలో దాదాపు మూడో వంతు పొగతో పాటే బయటకు పోతుంది. ఆ పొగతో ఒక టర్బైన్‌ను, అదే ఇరుసు రెండో కొసన ఉన్న కంప్రెసర్‌ను తిప్పి, ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపవచ్చన్న ఆలోచనకు ఆయన 1905లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ అమరికే టర్బో. అంత వేడిని తట్టుకునే లోహాలు అప్పటికి చేతికి రాలేదు. 1920ల నడుమ రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజిన్లకు ఆయన టర్బోలు బిగిస్తే 1,750 హార్స్‌పవర్ 2,500కు పెరిగింది. ఇరవై ఏళ్ల ఓపికకు ఫలితం అది.

ఈలోగా అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ 1918లో విమానపు లిబర్టీ ఇంజిన్‌ను 14 వేల అడుగుల ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీదికి ఎక్కించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ పలచని గాలిలో 230కి పడిపోయింది. టర్బో పెట్టగానే 356 ఇచ్చింది. ఇంజిన్ బలం ఇంధనంలో ఎంత ఉందో, పీల్చే గాలిలోనూ అంతే ఉందని ఆ కొండ మీద తేలిపోయింది. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వెయిర్‌లతో టర్బో మామూలు కార్లలోకి దిగింది. మన దేశంలో ముందు డీజిల్ బళ్లతో ఇల్లిల్లూ చేరింది, తర్వాత చిన్న పెట్రోల్ ఇంజిన్లకూ వచ్చింది.

ఇక అసలు సంగతికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి ప్లాంట్ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం కుర్రాళ్లు టర్బో కార్లు నడుపుతున్నారు. వాళ్లను ఊరించే వస్తువుల్లో మొదటిది ఏర్ ఇన్‌టేక్ కిట్. కంపెనీ నల్ల డబ్బాను, కాగితపు ఫిల్టర్‌ను తీసేసి మెరిసే గొట్టం, శంకువు ఆకారపు ఫిల్టర్ బిగిస్తారు. బిగించాక బండి చప్పుడు నిజంగానే మారుతుంది. టర్బో ఈల, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దం స్పష్టంగా వినిపిస్తాయి. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను.

బలం మాటేమిటి? శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టర్ గాలికి వేసే అడ్డు సాధారణంగా వాతావరణ పీడనంలో రెండు మూడు శాతం. టర్బో లేని ఇంజిన్‌కు ఆ అడ్డు తగ్గితే నేరుగా లాభం. టర్బో కారులో మాత్రం ఎంత బూస్ట్, అంటే గాలికి ఎంత అదనపు ఒత్తిడి, కావాలో ఇంజిన్ కంప్యూటర్ ముందే నిర్ణయిస్తుంది. అది అందగానే వేస్ట్‌గేట్ తెరిచి మిగతా పొగను టర్బైన్‌కు తగలకుండా పక్కదారి పట్టిస్తుంది. గాలి దారి సులువైతే కంప్రెసర్ శ్రమ కొంచెం తగ్గుతుంది, బూస్ట్ కాస్త త్వరగా అందుతుంది, అంతే. పెద్ద టర్బో పెట్టి, కంప్యూటర్ లెక్కలు మార్చి, ఇంజిన్‌తో రెట్టింపు గాలి పీల్పించేవారికి మాత్రం పాత డబ్బా నిజంగానే ఇరుకు. వాళ్లకు కిట్ అవసరమే.

వేడి సంగతి చూడండి. 1828లో నీల్సన్ అనే స్కాట్లండ్‌వాసి వేడి గాలి పద్ధతికి పేటెంట్ పొందినప్పటి నుంచి బ్లాస్ట్ ఫర్నేస్‌కు గాలి ఎంత వేడిగా పంపితే అంత మేలు. భిలాయిలో గాలిని కాచే స్టవ్‌లు దాన్ని వెయ్యి డిగ్రీలు దాటిస్తాయి. ఇంజిన్‌కు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు: చల్లని, చిక్కని గాలి. మే నెలలో బయట 45 డిగ్రీలుంటే, మూత లేని శంకువు ఫిల్టర్ బానెట్ కింద 65 డిగ్రీల గాలిని పీల్చవచ్చు. అది ఆరు శాతం పలచన. కంప్రెసర్ ఆ గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కేసరికి 140 డిగ్రీల దగ్గర ఉండాల్సిన వేడి 165 దాకా చేరుతుంది. ఇంటర్‌కూలర్ చాలావరకు చల్లారుస్తుంది కానీ పూర్తిగా కాదు. పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం దానంతటదే భగ్గుమనే నాకింగ్ రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. కిట్‌తో సంపాదించిన ఆ కాస్త లాభమూ అక్కడే పోతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది దుమ్ము. భిలాయి ఖనిజం, బొగ్గు, బూడిద కదిలే ఊరు. జీఈ రోడ్డు లారీలు రోజంతా దాన్ని రేపుతూనే ఉంటాయి. ఇసుక రేణువు మామూలు ఉక్కును గీయగలదు. చిన్న టర్బో నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరిగితే నాలుగు సెంటీమీటర్ల కంప్రెసర్ చక్రం అంచు వేగం ధ్వనిని మించుతుంది. ఆ వేగంలో అల్యూమినియం రెక్కలకు తగిలే ప్రతి రేణువూ ఉలి దెబ్బే. రెక్కలను దాటినది సిలిండర్ గోడలను, రింగులను అరగదీస్తుంది. నూనె పట్టించిన నూలు ఫిల్టర్లు గాలిని ధారాళంగా వదులుతాయి, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. కానీ సాధారణంగా కాగితం కంటే సన్న దుమ్మును ఎక్కువ పోనిస్తాయి. నూనె ఎక్కువైతే, గాలి కొలిచే సెన్సార్ ఉన్న బళ్లలో దాని మీద పేరుకుని లెక్క తప్పిస్తుంది. గొట్టం వ్యాసం మారినా ఆ సెన్సార్ తప్పే చెబుతుంది.

చల్లటి గాలి కోసం ఫిల్టర్‌ను బంపర్ దగ్గర కిందికి దించే కిట్లూ ఉన్నాయి. వేసవిలో మంచివే. వానాకాలంలో రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినప్పుడు అవే ఇంజిన్‌కు ప్రాణాంతకం. నీరు గాలిలా నొక్కుకుపోదు, సిలిండర్‌లోకి వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

చట్టాన్నీ మరవకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వారంటీ దావాలోనూ కిట్ అడ్డం రావచ్చు.

కంప్యూటర్ లెక్కలు మార్చని టర్బో కారుకు భిలాయిలో ఈ కిట్ వద్దని నా అభిప్రాయం. ఆ డబ్బుతో కంపెనీ కాగితపు ఫిల్టర్లు చాలా వస్తాయి. ఈ దుమ్ములో పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చండి, కంప్రెసర్ గాలి కొట్టించి పాతదాన్నే మళ్లీ పెట్టకండి, డబ్బా మూత క్లిప్పులు గట్టిగా పడ్డాయో లేదో మీ చేత్తో చూసుకోండి.